ఎంఎఫ్ఏలో డిజిటల్ మీడియా: పోర్ట్‌ఫోలియో నుంచి థీసిస్ షో దాకా నా అనుభవం

స్టూడియో ఆర్ట్‌లో ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్), అందులోనూ డిజిటల్ మీడియా వైపు చేశానని చెప్పగానే ఎక్కువమంది అడిగేది ఒకటే, ఏయే సాఫ్ట్‌వేర్లు నేర్పారని. దాదాపు ఏమీ నేర్పలేదు. నాకు వచ్చినవన్నీ సాయంత్రం పూట టెక్నీషియన్లు పెట్టే వర్క్‌షాపుల్లో, అర్ధరాత్రి ట్యుటోరియల్స్ ముందు కూర్చుని, పక్క స్టూడియో వాళ్లను బతిమాలుకుని నేర్చుకున్నవే. మరి అంత చదువు దేనికంటే, నేను చేసిన పని ముందు వేరేవాళ్లు నిలబడ్డప్పుడు వాళ్లకు నిజంగా ఏం కనిపిస్తోందో తెలుసుకోవడానికి. కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లకు ఇది మరీ అవసరం. మనం ఒక్కళ్లమే, ఒకే స్క్రీన్ ముందు, ఒకే దూరంలో కూర్చుని చేస్తాం. చూసేవాళ్లు నిలబడి, నడుస్తూ, పక్కవాళ్లతో మాట్లాడుతూ, సగంలో వదిలేసి పోతూ చూస్తారు. ఫైల్ పూర్తయితే పని పూర్తయినట్టు కాదని వినడం వేరు, అది ఒంటికి పట్టడం వేరు. నాకు పట్టడానికి కోర్సు మొత్తం కావాల్సి వచ్చింది.

నేను డిగ్రీలో పెయింటింగ్ చదివి, తర్వాత కొన్నేళ్లు యానిమేషన్‌లో ఉద్యోగం చేశాను. కోడింగ్ సొంతంగా నేర్చుకున్నదే. ప్రాసెసింగ్ అని ఆర్టిస్టుల కోసం చేసిన ప్రోగ్రామింగ్ టూల్‌తో గీతలు గీయించి, వాటిని పెన్ ప్లాటర్ మీద కాగితానికి ఎక్కించడం ఒక వ్యసనంలా పట్టుకుంది. ప్లాటర్ అంటే తెలియనివాళ్ల కోసం: రెండు పట్టాల మీద కదిలే ఒక చెయ్యి, దానికి మనం మామూలుగా వాడే పెన్నే బిగిస్తాం, ఎస్‌వీజీ (గీతలను లెక్కలుగా దాచే ఫార్మాట్) ఫైల్‌లో ఉన్న గీతలన్నీ అది ఒక్కొక్కటిగా గీసుకుంటూ పోతుంది. ఇదేం కొత్త సంగతి కాదు. ఫ్రాన్స్‌లో ఉన్న హంగేరియన్ ఆర్టిస్ట్ వెరా మోల్నార్ 1968లోనే కంప్యూటర్‌తో బొమ్మలు వేయడం మొదలుపెట్టి, చతురస్రాలను కొంచెం కొంచెం చెదరగొడుతూ ప్లాటర్ మీద గీయించింది. ప్రాసెసింగ్ వచ్చింది చాలా తర్వాత, 2001లో, ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రీస్, బెన్ ఫ్రై మొదలుపెడితే.

డిగ్రీ గురించి రెండు ముక్కలు. అమెరికా పద్ధతిలో ఎంఎఫ్ఏ అంటే మామూలుగా 60 సెమిస్టర్ క్రెడిట్లు, రెండేళ్లో మూడేళ్లో పడుతుంది. స్టూడియో ఆర్ట్‌కి దీన్నే టెర్మినల్ డిగ్రీ కింద లెక్కేస్తారు, అక్కడి ఆర్ట్ టీచర్లు, ఆర్టిస్టుల సంఘం కాలేజ్ ఆర్ట్ అసోసియేషన్ 1977లోనే ఆ మాట ప్రమాణాల్లో రాసిపెట్టింది. అంటే యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే దీనిపైన పీహెచ్‌డీ ఉండి తీరాలని లేదు. క్రెడిట్లలో ఎక్కువ భాగం స్టూడియో పనే. మిగతావి థియరీ, ఆర్ట్ హిస్టరీ సెమినార్లు, ఒకటి రెండు ఎలెక్టివ్‌లు, చివర్లో థీసిస్, అంటే ఒక షో, దాని మీద ఒక పేపర్.

అప్లికేషన్‌లో అసలు బరువంతా పోర్ట్‌ఫోలియోదే. మార్కుల షీట్, మూడు రికమెండేషన్ లెటర్లు, స్టేట్‌మెంట్లు అన్నీ అడుగుతారు గానీ, ముందు తెరిచేది బొమ్మలనే. చాలాచోట్ల 15 నుంచి 20 దాకా ఇమేజ్‌లు అడుగుతారు, వీడియోలైతే కొన్ని నిమిషాలకు మించొద్దంటారు, స్లైడ్‌రూమ్ లాంటి సైట్లో అప్‌లోడ్ చేయాలి. యానిమేషన్ నుంచి వచ్చినవాళ్ల దగ్గర షోరీల్ ఉంటుంది, కానీ అది ఉద్యోగానికి. క్షణానికో షాట్, వెనక మ్యూజిక్, "నాకు ఇన్ని వచ్చు" అని చెప్పడం దాని పని. ఆర్ట్ పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లకు ఇన్ని వచ్చా లేదా అన్నది పెద్దగా పట్టదు. ఈ మనిషి ఒక విషయాన్ని పట్టుకుని ఎంత దూరం వెళ్లాడు, ఇంకా ఎంత దూరం వెళ్తాడు, అదే చూస్తారు. అందుకే నేను రీల్‌ను పూర్తిగా పక్కన పెట్టేసి, చక్కగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్న పెయింటింగ్‌లు కూడా చాలా తీసేసి, ప్లాటర్ బొమ్మల సిరీస్ రెండిటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఫోటోలు తీయడం మీద పెట్టిన టైమ్ ఎప్పుడూ వృథా పోదు. గోడకు తగిలించిన బొమ్మకు రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో ఒకే రకం లైట్లు, కెమెరా లెన్స్ సరిగ్గా బొమ్మ మధ్యకు ఎదురుగా, సెన్సర్ గోడకు సమాంతరంగా, పక్కన రంగులు సరిచూసుకోవడానికి ఒక గ్రే కార్డు, అంతే. తర్వాత ఒక క్లోజప్, పెన్ను ఇంకును కాగితం ఎలా పీల్చుకుందో కనిపించేంత దగ్గరగా. ఇన్‌స్టలేషన్ అయితే గదిలో ఒక మనిషి నిలబడి ఉన్న ఫోటో ఒక్కటైనా ఉండాలి, లేకపోతే సైజు తెలియదు. వీడియో పంపేటప్పుడు అసలు విషయం మొదటి అర నిమిషంలోనే కనిపించాలి. నల్లటి స్క్రీన్ మీద టైటిల్ నెమ్మదిగా తేలివచ్చేదాకా ఆగే ఓపిక, వందల ఫైళ్లు తిరగేస్తున్నవాళ్లకు ఉండదు, ఉండాలని ఆశించడం కూడా అన్యాయమే.

ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ రాయడం పెద్ద టెన్షన్. "అస్తిత్వం", "అన్వేషణ" లాంటి మాటలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటి చెప్తాను: ప్రతి వాక్యం చదివి, ఇదే వాక్యం వేరే ఎవరి స్టేట్‌మెంట్‌లో పెట్టినా సరిపోతుందా అని నన్ను నేను ప్రశ్నించుకోవడం, సరిపోతే కొట్టేయడం. అలా కొట్టేస్తూ పోతే నాకు మిగిలింది అర పేజీ. అందులో పెన్నులు, కాగితం, ఎండిపోయిన మొనలు, ప్లాటర్ ఒకే చోట రెండుసార్లు గీస్తే కాగితం చిరగడం, ఇవే ఉన్నాయి. అదే పంపాను. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ వేరు, అందులో ఆ ప్రోగ్రామ్‌లోనే ఎందుకు, అక్కడి ఏ సౌకర్యం, ఏ ఫ్యాకల్టీ పని మీకు కావాలో నేరుగా రాయాలి.

వీడియో కాల్ ఇంటర్వ్యూలో ఒక ప్రొఫెసర్ అడిగారు, "ఇది చేత్తో గీస్తే ఏం పోతుంది?" అని. అప్పటికి ఏదో చెప్పి బయటపడ్డాను గానీ, ఆ ప్రశ్న చదువు పూర్తయ్యేదాకా నన్ను వదల్లేదు. డిజిటల్‌లో పనిచేసేవాళ్లందరికీ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తుంది, ముందే సిద్ధపడండి. "ఫాస్ట్‌గా అవుతుంది" అన్నది జవాబు కాదు, పైగా నిజం కూడా కాదు. నా ప్లాటర్ ఒక్క బొమ్మ గీయడానికి ఒక పూట తీసుకునేది.

ఆఫర్లు వచ్చాక నిర్ణయం చెప్పడానికి సాధారణంగా ఏప్రిల్ 15 దాకా గడువు ఉంటుంది, ఆర్థిక సాయంతో వచ్చే ఆఫర్లకు ఆ తేదీని పాటిస్తామని చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఒప్పుకుని ఉన్నాయి. కాబట్టి ఎవరైనా మార్చిలోనే తొందరపెడితే కంగారు పడక్కర్లేదు. డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెప్తాను: ఫీజు మాఫీ, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చే చోటు వస్తే పేరున్న స్కూల్‌ను వదులుకుని అయినా అక్కడికే వెళ్లండి. ఈ డిగ్రీ తర్వాత వచ్చే సంపాదనతో పెద్ద అప్పు తీర్చడం చాలా కష్టం. నేను అలాంటి చోటే ఎంచుకున్నాను, వారానికి 20 గంటల పని, బదులుగా ఫీజు లేదు, నెల నెలా కొంత స్టైపెండ్.

ఇక అక్కడికి వెళ్లాక. ప్రతి ఒక్కరికీ ఒక స్టూడియో ఇచ్చారు, తెల్ల గోడలు, సిమెంటు నేల, సీలింగ్ దాకా రాని పార్టిషన్. రాత్రంతా తెరిచే ఉంటుంది. నా ఒకపక్క సిరామిక్స్ చేసే అమ్మాయి, ఇంకోపక్క శిల్పాలు చేసేవాడు, ఎదురుగా మనుషుల కదలికను పట్టే కైనెక్ట్ సెన్సర్లతో ఇంటరాక్టివ్ పనులు చేసే మరొకతను. డిజిటల్ వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టకపోవడం ఆ ప్రోగ్రామ్ చేసిన మంచి పనుల్లో ఒకటి. కోడ్ తెలిసినవాళ్లు నా పని చూస్తే కోడ్ గురించే అడుగుతారు. సిరామిక్స్ అమ్మాయి మాత్రం బొమ్మను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఏటవాలుగా పట్టి, "ఇక్కడ పెన్ను లోపలికి నొక్కుకుపోయింది, చూశావా" అంది. కాగితం వెనక్కి తిప్పితే నిజంగానే గీతలన్నీ ఉబ్బెత్తుగా చేతికి తగులుతున్నాయి. అన్నాళ్లుగా ఆ బొమ్మలు గీయిస్తున్నా, ఒక్కసారి కూడా కాగితం తిప్పి చూడాలని నాకు తట్టలేదు.

క్రిటిక్, అంటే మన పనిని అందరి ముందు పెట్టి చర్చించే క్లాసు, దాని గురించి అందరూ భయపెడతారు. ఎలా ఉంటుందంటే, పని గోడకు పెట్టి ఉంటుంది, పదిమంది దాకా కూర్చుంటారు, ఆర్టిస్ట్ మొదట నోరు విప్పకూడదు. మిగతావాళ్లు ఏం కనిపిస్తోందో చెప్పుకుంటూ పోతారు, బాగుందా బాగాలేదా అని కాదు, ఏం కనిపిస్తోందో మాత్రమే. తర్వాత ప్రశ్నలు, ఆ తర్వాతే మన మాట. ఒక క్లాసులో లిజ్ లెర్‌మన్ పద్ధతి వాడేవాళ్లు. ఆమె డాన్స్ కొరియోగ్రాఫర్, 1990లో తయారుచేసిన పద్ధతి, నాలుగు మెట్లు ఉంటాయి: ముందు చూసినవాళ్లు తమను పట్టుకున్నదేమిటో చెప్తారు, తర్వాత ఆర్టిస్ట్ ప్రశ్నలు వేస్తాడు, తర్వాత చూసినవాళ్లు అభిప్రాయం కలపకుండా ప్రశ్నలు అడుగుతారు, చివరికి "దీని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటావా" అని అనుమతి తీసుకుని చెప్తారు. వినడానికి మరీ మర్యాదగా ఉంటుంది గానీ, మూడో మెట్టు దగ్గర అందరికీ చెమటలు పడతాయి. "ఇంత చిన్నగా ఎందుకు చేశావు" అన్నది అభిప్రాయం. "సైజు ఎలా నిర్ణయించుకున్నావు" అన్నది ప్రశ్న. ఈ రెండో రకం ప్రశ్నకు జవాబు లేకపోతేనే అసలు ఇబ్బంది.

నా మొదటి పెద్ద క్రిటిక్‌లో పూర్తయిన బొమ్మలు గోడకు పెట్టి, కింద బల్ల మీద ప్లాటర్ ఒకటి గీస్తూ ఉండగా నడిపించాను. వచ్చినవాళ్లంతా ప్లాటర్ చుట్టూ చేరారు. గోడ వైపు ఎవరూ తిరగలేదు. పెన్ను లేవడం, పక్కకు జరగడం, చిన్న చప్పుడుతో కిందికి దిగడం, అలా చూస్తూనే ఉండిపోయారు. తర్వాత మాటలన్నీ మెషిన్ గురించే. ప్రొఫెసర్ ఒక్క మాట అన్నారు, "బొమ్మలు ఇప్పుడు రసీదుల్లా ఉన్నాయి." బాధేసింది, కాదనలేం కదా. మెషిన్‌ను దాచేయాలా, లేక అదే పని అని ఒప్పుకోవాలా అన్నది తేల్చుకోవడానికి చాలా కాలం పట్టింది. కదిలేది ఏదైనా గదిలో ఉంటే కళ్లు అటే పోతాయి, స్క్రీన్ అయినా అంతే. నిశ్చలంగా ఉన్న వస్తువు పక్కన వీడియో పెట్టేవాళ్లంతా ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఇంకో సలహా, మీ క్రిటిక్‌లో నోట్స్ రాయమని ఎవరినైనా అడిగి పెట్టుకోండి. ఆ టైమ్‌లో మనకు తిట్లు తప్ప ఏమీ గుర్తుండవు.

కైనెక్ట్ అతని కథ కూడా చెప్పాలి. ఆ సెన్సర్ 2010లో గేమ్స్ కోసం వచ్చింది, దాన్ని మామూలు కంప్యూటర్‌కు కలిపి ఎవరైనా వాడుకునే ఓపెన్ డ్రైవర్ వెంటనే రావడంతో ఆర్టిస్టులంతా ఎగబడ్డారు, 2017లో మైక్రోసాఫ్ట్ తయారీ ఆపేసింది, అయినా సెకండ్ హ్యాండ్‌వి కొని వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనుషుల కదలికను బట్టి ప్రొజెక్షన్‌లో నీడలు విడిపోయేలా చేశాడు, రాత్రి చూసినప్పుడు అద్భుతం. క్రిటిక్ మధ్యాహ్నం పూట పడింది. కిటికీలోంచి ఎండ నేల మీద పడేసరికి సెన్సర్‌కు ఆ మేర ఏమీ కనిపించలేదు. అది పంపే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు ఎండలోని ఇన్‌ఫ్రారెడ్ ముందు తేలిపోతుంది మరి. మనుషులు ఎండలోకి అడుగుపెట్టగానే గోడ మీద మాయమయ్యేవారు. అందరూ అదే పని అనుకుని తెగ మెచ్చుకున్నారు! అతను నోరు విప్పకూడదు కాబట్టి వింటూ కూర్చున్నాడు.

మిగతా కోర్సుల్లో థియరీ సెమినార్ నాకు బరువే. చదవాల్సినవి ఎక్కువ, సగం అర్థం కావు. కానీ చరిత్ర తెలియడం పనికొచ్చింది. వీడియో ఆర్ట్‌కు ఆద్యుడైన నామ్ జూన్ పైక్ 1963లో జర్మనీలోని వుపర్టాల్‌లో టీవీ సెట్ల లోపలి సర్క్యూట్లు మార్చి గ్యాలరీలో పెట్టాడని తెలిశాక, తెరను వస్తువులా చూడటం అలవాటైంది. ఇక వర్క్‌షాపుల్లో ముందు నేర్పేది భద్రతే. లేజర్ కట్టర్‌లో యాక్రిలిక్ పెట్టొచ్చు, ప్లైవుడ్ పెట్టొచ్చు, పీవీసీ మాత్రం పెట్టకూడదు, కాలితే క్లోరిన్ కలిసిన విషవాయువు వస్తుంది, మనుషులకూ ప్రమాదం, మెషిన్ కూడా తుప్పు పట్టిపోతుంది. పరీక్ష పాసైతేనే తాళం ఇస్తారు.

టీచింగ్ అసిస్టెంట్‌గా మొదటి ఏడాది డిగ్రీ పిల్లలకు ప్రాసెసింగ్ చెప్పాను. ఇది ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ నా పనికి బాగా ఉపయోగపడింది. బంతిని పైకి ఎగరేయమంటే కిందికి పోతోందని మొదటి వారమే అందరి గొడవ, ఎందుకంటే స్క్రీన్ మీద సున్నా పైన ఎడమ మూల నుంచి మొదలై వై విలువ కిందికి పెరుగుతుంది. లెక్కల క్లాసులో నేర్చుకున్నదానికి తలకిందులు. ఒకమ్మాయి ప్రతి ఫ్రేమ్‌కూ నడిచే డ్రా భాగంలో, ముందు ఫ్రేమ్‌ను చెరిపేసే బ్యాక్‌గ్రౌండ్ లైన్ రాయలేదు, దాంతో ప్రతి ఫ్రేమూ ముందు ఫ్రేమ్ మీదే పడుతూ, సెకనుకు అరవైసార్లు, బంతి వెళ్లిన దారంతా మరకలా మిగిలిపోయింది. సరిచేద్దామని వెళ్లినవాడిని అక్కడే కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ముందున్నది చెరిగిపోకుండా తర్వాతది దాని మీదే కూర్చోవడం. ఆ వారమంతా అదే ఆలోచన.

మధ్యలో ఒక రివ్యూ ఉంటుంది, అది దాటితేనే థీసిస్‌కు పంపుతారు. కమిటీ అన్నది సూటిగా: బొమ్మలు బాగున్నాయి, కానీ మొదటిదానికీ యాభయ్యోదానికీ మధ్య ఏమీ జరగలేదు. అప్పుడు వచ్చిన ఒక విజిటింగ్ ఆర్టిస్ట్ నా స్టూడియోలో కూర్చుని ఆల్విన్ లూసియర్ అనే అమెరికన్ కంపోజర్ 1969లో చేసింది వినమన్నారు. ఆయన గదిలో కూర్చుని కొన్ని వాక్యాలు చదివి రికార్డు చేస్తాడు, ఆ రికార్డును అదే గదిలో వినిపిస్తూ మళ్లీ రికార్డు చేస్తాడు, అలా చేసుకుంటూ పోతే మాటలన్నీ కరిగిపోయి ఆ గది ప్రతిధ్వని ఒక్కటే మిగులుతుంది. వినడం పూర్తయ్యేసరికి నా థీసిస్ ఏమిటో నాకు తెలిసిపోయింది. ప్లాటర్ గీసిన బొమ్మను పైనుంచి కెమెరా ఫోటో తీస్తుంది, కోడ్ ఆ ఫోటోలో గీతలు వెతికి కొత్త ఫైల్ చేస్తుంది, ప్లాటర్ దాన్ని కొత్త కాగితం మీద గీస్తుంది, మళ్లీ ఫోటో. చేత్తో గీస్తే ఏం పోతుందన్న ప్రశ్నకు కూడా అప్పుడే జవాబు దొరికింది. మనిషి చెయ్యి తెలియకుండానే సరిచేసేస్తుంది. ఇది సరిచేయదు, కనిపించిందే గీస్తుంది.

అనుకున్నంత తేలిగ్గా ఏం అవ్వలేదు. ఫోటోల్లో ఆకారాలు గుర్తుపట్టే ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్‌తో గీతలు వెతికించేటప్పుడు థ్రెషోల్డ్ అని ఒక విలువ ఇవ్వాలి, ఇంతకన్నా నల్లగా ఉంటే గీత, లేకపోతే కాగితం. పొద్దున పనిచేసిన విలువ సాయంత్రానికి పనిచేయదు. చుట్టుపక్కల వెలుతురును బట్టి మారే అడాప్టివ్ థ్రెషోల్డ్ పెట్టాను, కిటికీలు మూసేశాను, కెమెరా ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ మాన్యువల్‌లో లాక్ చేశాను. అయినా ఫోటోల్లో అడ్డంగా పట్టీలు వచ్చేవి. చూస్తే, డిమ్మర్‌తో తగ్గించిన చవక ఎల్‌ఈడీ కంటికి తెలియని వేగంతో వెలిగి ఆరుతోంది. లైట్ మార్చాక పోయాయి. పెన్నులు ఇంకో తలనొప్పి. ఫైన్‌లైనర్ మొన సగంలో ఎండిపోతే ఆ తర్వాతి బొమ్మల్లో అంత భాగం శాశ్వతంగా పోతుంది. అది నాకు నచ్చింది, అలాగే వదిలేశాను.

షో ముందు వారం మొత్తం గోడల పనే. పాత మేకుల కంతలకు పుట్టీ, గరుకు కాగితం, మళ్లీ తెల్లరంగు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలన్నది గ్యాలరీల అలవాటు, కొలిచి కొలిచి మెడలు పట్టేశాయి. వైర్లు నేల మీద టేపుతో అతికించి, కంప్యూటర్‌లో అప్‌డేట్లు, నోటిఫికేషన్లు, స్లీప్ మోడ్ అన్నీ ఆపేసి, కరెంటు పోయి వస్తే తనంతట తనే స్టార్టయ్యేలా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే ముందు నడిచే సెట్టింగుల్లో) సెట్ చేసి, గ్యాలరీలో కూర్చునేవాళ్ల కోసం ఒక పేజీ రాసిపెట్టాను: ముందు ఈ స్విచ్, తర్వాత అది, బొమ్మ అయిపోయాక పచ్చ బటన్ నొక్కితే ఫోటో తీస్తుంది, కాగితం మార్చి నల్ల బటన్ నొక్కితే గీస్తుంది, తీసిన కాగితాన్ని గోడ మీద తర్వాతి క్లిప్పుకు తగిలించాలి. వీడియో చేసేవాళ్లు ప్రొజెక్టర్ లెక్క కూడా ముందే చూసుకోవాలి. త్రో రేషియో, అంటే ప్రొజెక్టర్ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది, 1.5 అయితే రెండు మీటర్ల వెడల్పు బొమ్మకు మూడు మీటర్ల దూరం కావాలి, ఆ దూరం గదిలో ఉందో లేదో చూసుకోకుండా వచ్చి, వంకరగా పడిన బొమ్మను సరిచేసే కీస్టోన్ సెట్టింగ్‌తో లాగి సర్దుదామంటే బొమ్మ నాణ్యత పోతుంది.

ఓపెనింగ్ రోజు జనం బల్ల మీదికి వంగి చూస్తున్నారు. ఒకరు వంగి ఉండగానే అటెండెంట్ పచ్చ బటన్ నొక్కాడు. పక్కనున్న ఒక్క లైటు నుంచి పడిన నీడ కాగితం మీద గట్టి అంచుతో పడింది, అడాప్టివ్ థ్రెషోల్డ్ మెల్లగా మారే వెలుతురును వదిలేస్తుంది గానీ గట్టి అంచును గీతగానే తీసుకుంటుంది. తర్వాతి కాగితం మీద ప్లాటర్ ఒక భుజం, సగం తల గీసింది. ఆ తర్వాతి దానిలోనూ వచ్చింది, ఆ తర్వాతా, కొంచెం కొంచెం విరుగుతూ. జనానికి సంగతి అర్థమవగానే కావాలని చేతులు పెట్టడం మొదలుపెట్టారు. నాకు గుండె దడ. చుట్టూ తాడు కట్టేద్దామా అని ఒక కమిటీ మెంబర్‌ను అడిగితే ఆయన కట్టమన్నారు, ఇంకొకరు వద్దన్నారు. కట్టలేదు. షో ముగిసేసరికి గోడ మీద వరుసగా చూస్తే మొదట నా గీతలు, మధ్యలో ఎవరెవరివో వేళ్లు, చివరికి ఏదెవరిదో చెప్పలేని చిక్కు. ఈసారి జనం మెషిన్ దగ్గర కొంతసేపు నిలబడి, తర్వాత గోడ దగ్గరికి వెళ్లి తమ చెయ్యి ఎక్కడుందో వెతుక్కున్నారు. రసీదులన్న ప్రొఫెసర్ కూడా వెతుక్కున్నారు, నేను చూశాను.

డిఫెన్స్‌లో, అంటే థీసిస్ మీద కమిటీ ప్రశ్నలు వేసే చివరి పరీక్షలో, అడిగినదంతా ఆ నీడల గురించే. నీడలు నువ్వు అనుకున్నవి కావు కదా, మరి ఇది నీ పనేనా అని. లైటు ఒక్కటే పెట్టింది నేను, కెమెరాను ఆ ఎత్తులో పెట్టింది నేను, తాడు కట్టనిది కూడా నేనే, ఆ మూడింటి మధ్య జరిగినదే పని అని చెప్పాను. ఒప్పుకున్నారు, కాకపోతే థీసిస్ పేపర్‌లో ఆ భాగం తిరగరాయమన్నారు. పేపర్ రాయడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, కూర్చుని రాయడమే.

తర్వాతి సంగతి. పర్మనెంట్ టీచింగ్ ఉద్యోగాలు తక్కువ, వాటికి పోటీ చాలా ఎక్కువ. నాతో చదివినవాళ్లలో ఒకరిద్దరు పార్ట్ టైమ్ పాఠాలు చెప్తున్నారు, కైనెక్ట్ అతను స్టేజ్ ప్రొజెక్షన్లు చేస్తున్నాడు, నేను మ్యూజియం ఎగ్జిబిట్లకు సాఫ్ట్‌వేర్, వైరింగ్ చూసే పనిలో ఉన్నాను. సందర్శకులు ఏది ముట్టుకుంటారో, ఎక్కడ వంగుతారో ఊహించడమే అక్కడ నా ఉద్యోగం.

అప్లై చేసేవాళ్లు ఇప్పుడు చదువుతున్న స్టూడెంట్లతో తప్పకుండా మాట్లాడండి, ఫ్యాకల్టీ లేనప్పుడు. స్టూడియోను పూర్తిగా చీకటి చేయొచ్చా, ప్రొజెక్టర్లు, కెమెరాలు ఎన్నాళ్లు ఇస్తారు, టెక్నీషియన్ ఎన్ని గంటలు ఉంటాడు, ఇవన్నీ అడగండి. చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు స్టూడెంట్ లైసెన్సులు, యూనివర్సిటీ క్లౌడ్ స్టోరేజీ ఏ తేదీన ఆగిపోతాయో కనుక్కుని, ఆలోపే ప్రాజెక్టుల నుంచి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే కాపీలు తీసి, రెండు వేర్వేరు డ్రైవ్‌ల్లో పెట్టుకోండి. ఒకప్పుడు వెబ్ యానిమేషన్లకు వాడిన ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో సపోర్ట్ ఆగిపోయింది, దానితో చేసిన పనులు బ్రౌజర్లలో నడవడం మానేశాయి, పాత సాఫ్ట్‌వేర్‌ను అనుకరించే ఎమ్యులేటర్లు పెట్టి వాటిని బతికించడానికి ఇప్పటికీ తంటాలు పడుతున్నారు.